లడ్లోకి తక్కువ ఖర్చుతో రైలు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు, అక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి కొన్ని నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలు లండన్, ఎడిన్‌బరో చూసేశాక అడిగే మాట ఒకటే: "కారు లేకుండా, ఎక్కువ డబ్బు పెట్టకుండా, అసలైన ఇంగ్లండ్ పల్లెపట్టు ఎక్కడ చూడొచ్చు?" నా జవాబు ష్రాప్‌షైర్ కౌంటీలోని లడ్లో. ఈ ప్రయాణంలో పెద్ద ఖర్చు రైలు టికెట్టే. దాన్ని తెలివిగా కొంటే ఊళ్ళోకి దిగాక జేబులోంచి తీయాల్సింది చాలా తక్కువ. అందుకే ఇక్కడ టికెట్ల గురించి కాస్త ఎక్కువే రాశాను.

ఇన్ని పాత ఊళ్ళుండగా లడ్లోకే ఎందుకు వెళ్ళాలి?

స్టేషన్ ఊళ్ళోనే ఉంది కాబట్టి. ఇది మొదటి కారణం, ఖర్చు లెక్కలో ముఖ్యమైనది కూడా. ఇంగ్లండ్‌లో పేరున్న పల్లెటూళ్ళు చాలావాటికి రైలే లేదు. స్టేషన్‌లో దిగి టాక్సీకో, రోజుకు మూడుసార్లు వచ్చే బస్సుకో ఎదురు చూడాలి. లడ్లోకి 1852లో రైలు వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. దిగితే పది నిమిషాల నడకలో ఊరి నడిబొడ్డు.

రెండో కారణం ఊరే. జనాభా సుమారు పదివేలు. వేల్స్ సరిహద్దును కాపాడటానికి నార్మన్లు పదకొండో శతాబ్దం చివర్లో ఇక్కడ టీమ్ నది ఒడ్డున గుట్ట మీద కోట కట్టారు. కోట ముందు నుంచి విశాలమైన సంత వీధి, దానికి అడ్డంగా కిందికి దిగే నిటారు వీధులు గీసుకుని ఊరు వేశారు. ఆ గీతలు ఈనాటికీ చెదరలేదు. వీధుల్లో నల్ల దూలాలు, తెల్ల గోడల ఇళ్ళ పక్కనే ఎర్ర ఇటుకల జార్జియన్ ఇళ్ళు. వాటిలో జనం కాపురం ఉంటున్నారు, కింద మాంసం కొట్టు, రొట్టెల కొట్టు నడుస్తున్నాయి. పర్యాటకుల కోసం అలంకరించిన ఊరిలా అనిపించదు, నాకు నచ్చింది అదే.

ఎక్కడి నుంచి ఎలా వెళ్ళాలి?

ష్రూస్‌బరీ, హెరిఫర్డ్ పట్టణాల మధ్య లైను మీద లడ్లో ఉంది. ష్రూస్‌బరీ నుంచి అరగంట, హెరిఫర్డ్ నుంచి అంతకంటే కొంచెం తక్కువ. రైళ్ళు నడిపేది ట్రాన్స్‌పోర్ట్ ఫర్ వేల్స్.

మాంచెస్టర్, కార్డిఫ్ వాళ్ళకు ఇది అన్నిటికంటే సులువు. ఆ రెండు నగరాల మధ్య తిరిగే రైళ్ళే ఈ ఊరి మీదుగా వెళ్తాయి కాబట్టి మారే పని లేదు. మాంచెస్టర్ నుంచి రెండు గంటల లోపు, కార్డిఫ్ నుంచి గంటన్నర పైచిలుకు. బర్మింగ్‌హామ్ నుంచి అయితే ష్రూస్‌బరీలోనో హెరిఫర్డ్‌లోనో ఒకసారి మారాలి, మొత్తం రెండు గంటలు అటూఇటుగా పడుతుంది. ష్రూస్‌బరీ దారిలో వెళ్ళండి. చర్చ్ స్ట్రెటన్ దగ్గర రైలు రెండు కొండల వరసల మధ్యగా దూరి వెళ్తుంది. దక్షిణానికి వెళ్తున్నప్పుడు కుడివైపు కనిపించే పొడవాటి గుట్ట లాంగ్ మిండ్. కుడి కిటికీ సీటు దొరికితే వదలొద్దు.

లండన్ నుంచి మూడు, మూడున్నర గంటలు. ప్యాడింగ్టన్‌లో ఎక్కి న్యూపోర్ట్‌లో మారొచ్చు, లేదా యూస్టన్‌లో ఎక్కి క్రూ మీదుగానో, బర్మింగ్‌హామ్, ష్రూస్‌బరీల మీదుగానో రావచ్చు. ఒక్కరోజులో వెళ్ళి రావడం సాధ్యమే కానీ అలసట ఎక్కువ, టికెట్టూ ఎక్కువే. డబ్బు బాగా బిగపట్టాల్సిన విద్యార్థులు లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా కోచ్ బస్సులో వచ్చి, అక్కడి నుంచి రైలెక్కితే చాలా మిగులుతుంది.

టికెట్ ఎప్పుడు, ఏ రకం కొనాలి?

ముందు రకాలు అర్థం చేసుకోవాలి. అడ్వాన్స్ టికెట్ మీరు ఎంచుకున్న ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. చౌక, కానీ రైలు వదిలేస్తే టికెట్ పోయినట్టే. ఆఫ్-పీక్ టికెట్ రద్దీ లేని వేళల్లో ఏ రైలుకైనా చెల్లుతుంది. శని, ఆదివారాల్లో సాధారణంగా రోజంతా ఆఫ్-పీకే. ఎనీటైమ్ టికెట్‌కు ఏ పట్టింపూ లేదు, అందుకే ఖరీదు. విహారానికి వెళ్ళేవాళ్ళకు దాని అవసరం రాదు.

దూరం నుంచి, అంటే లండన్, లీడ్స్, న్యూకాసిల్ లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్ళు అడ్వాన్స్ టికెట్లే చూడాలి. ఇవి సాధారణంగా రెండు మూడు నెలల ముందు అమ్మకానికి వస్తాయి, తక్కువ ధరవి ముందే అయిపోతాయి. బర్మింగ్‌హామ్, ష్రూస్‌బరీ, హెరిఫర్డ్ లాంటి దగ్గరి చోట్ల నుంచి వచ్చేవాళ్ళకు లెక్క వేరు. వాళ్ళకు ఒకే రోజు వెళ్ళి వచ్చే రిటర్న్ టికెట్ చాలాసార్లు వన్‌వే ధరకు కాస్త పైనే ఉంటుంది. రెండు వన్‌వేలు విడివిడిగా కొనే ముందు ఆ ధర ఒకసారి చూడండి. ఆఫ్-పీక్ రిటర్న్ ఉంటే సాయంత్రం ఎప్పుడు బయల్దేరాలన్న టెన్షన్ కూడా ఉండదు. వాన పడితే ముందే వచ్చేయొచ్చు, ఎండ కాస్తే ఇంకో గంట ఉండొచ్చు.

కొనేది రైలు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో కొనండి. ఏ కంపెనీ సైట్‌లోనైనా దేశంలోని అన్ని కంపెనీల టికెట్లూ దొరుకుతాయి, బుకింగ్ ఫీజు ఉండదు. బాగా ప్రకటనలిచ్చే కొన్ని యాప్‌లు ప్రతి బుకింగ్‌కూ అదనంగా ఫీజు పట్టుకుంటాయి.

ఒక్క మాట: లండన్‌లో లాగా బ్యాంకు కార్డు టచ్ చేసి లడ్లో దాకా వెళ్ళిపోవడం కుదరదు. ఎక్కే ముందే టికెట్ ఉండాలి.

రైల్‌కార్డు తీసుకుంటే నిజంగా లాభమా?

ఏడాదిలో రెండు మూడు దూరపు ప్రయాణాలు చేసేవాళ్ళకు కచ్చితంగా లాభం. 2025 మార్చి నుంచి చాలా రకాల కార్డుల ధర ఏడాదికి 35 పౌండ్లు. టికెట్ ధరలో మూడో వంతు తగ్గుతుంది. అంటే ఏడాది మొత్తంలో 105 పౌండ్ల టికెట్లు కొంటే కార్డు డబ్బు తిరిగొచ్చేసినట్టే.

మన విద్యార్థుల్లో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 16-25 రైల్‌కార్డు 26 దాటినవాళ్ళకు దొరకదనుకుని వదిలేస్తారు. ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్ళు ఏ వయసు వాళ్ళైనా యూనివర్సిటీ నుంచి ధ్రువీకరణ చూపించి అదే కార్డు తీసుకోవచ్చు. ఇండియాలో నాలుగైదేళ్ళు ఉద్యోగం చేసి మాస్టర్స్‌కు వచ్చిన ముప్ఫై రెండేళ్ళ అతనికీ అది వర్తిస్తుంది. చదువు అయిపోయి ఉద్యోగంలో ఉన్న 26 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకు విడిగా 26-30 కార్డు ఉంది. ఈ రెండింటికీ ఒక మెలిక: సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం నాలుగున్నర నుంచి పది లోపు చేసే ప్రయాణాలకు కనీస ఛార్జీ నియమం ఉంటుంది, కాబట్టి దగ్గరి ప్రయాణానికి ఆ వేళలో తగ్గింపు పెద్దగా రాకపోవచ్చు. పది దాటాక బయల్దేరితే ఆ గొడవ లేదు.

భార్యాభర్తలకు, ఎప్పుడూ కలిసి తిరిగే ఇద్దరు స్నేహితులకు టూ టుగెదర్ కార్డు ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటే కార్డు. ఇద్దరూ పక్కనుండాల్సిందే, సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం తొమ్మిదిన్నర తర్వాతే చెల్లుతుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ వయసు పిల్లలున్న ఇంటికి ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు మేలు. పెద్దలకు మూడో వంతు, పిల్లల టికెట్‌లో 60 శాతం తగ్గుతుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎలాగూ టికెట్ అక్కర్లేదు. నెట్‌వర్క్ రైల్‌కార్డు మాత్రం కొనకండి. అది లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ వరకే, లడ్లో దారిలో చెల్లదు.

కార్డు ఫోన్‌లో ఉంటే ఛార్జింగ్ చూసుకోండి. కార్డు లేకుండా, లేదా గడువు తీరిన కార్డుతో తగ్గింపు టికెట్ మీద ప్రయాణిస్తే జరిమానాతో పోకపోవచ్చు, కేసు దాకా వెళ్ళొచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళు అయిదారు పౌండ్ల కోసం ఆ సాహసం చేయకూడదు. గడువు తేదీని ప్రయాణానికి ముందురోజే చూసుకోండి.

స్ప్లిట్ టికెట్ అంటే ఏమిటి? అది చట్టబద్ధమేనా?

పూర్తిగా చట్టబద్ధం. ఒకే ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి రెండు టికెట్లు కొనడమే. ఉదాహరణకు బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీకి ఒకటి, ష్రూస్‌బరీ నుంచి లడ్లోకి ఒకటి. బ్రిటన్‌లో ఛార్జీలు కేవలం దూరాన్ని బట్టి ఉండవు, దారిని బట్టీ వేళను బట్టీ మారుతాయి. అందుకే ఒక్కోసారి రెండు ముక్కలు కలిపినా మొత్తం టికెట్ కంటే తక్కువకే వస్తుంది. ఒకటే షరతు, మీరెక్కిన రైలు ఆ మధ్య స్టేషన్‌లో ఆగాలి. మీరు దిగనక్కర్లేదు. రెండు అడ్వాన్స్ టికెట్లతో స్ప్లిట్ చేస్తే రైలు మారడానికి సరిపడా వ్యవధి ఉంచుకోండి.

ఇండియా నుంచి వచ్చినవాళ్ళు బ్రిట్‌రైల్ పాస్ కొనాలా?

ఈ ఒక్క ఊరి కోసమైతే వద్దు. ఆ పాస్ బ్రిటన్‌లో నివాసం లేని పర్యాటకులకు. వరసగా చాలా ఊళ్ళు తిరిగితేనే దాని డబ్బు గిడుతుంది.

ఏ రోజు, ఏ నెల మంచిది?

సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో కోట ముందు మైదానంలో సంత జరుగుతుంది. చీజ్, కూరగాయలు, పాత సామాన్లు, పూల మొక్కలు, అన్నీ ఉంటాయి. నన్నడిగితే బుధవారమో శుక్రవారమో వెళ్ళండి. సంతా ఉంటుంది, శనివారం రద్దీ ఉండదు. ఆదివారం లైను మరమ్మతుల పేరుతో రైలు బదులు బస్సు వేయడం తరచూ జరుగుతుంది, దుకాణాలు కూడా కొన్ని మూసేస్తారు. ఆదివారమే కుదిరేవాళ్ళు ముందురోజు రాత్రి నేషనల్ రైల్ సైట్‌లో ఒకసారి చూసుకోవాలి.

మే, జూన్ నెలలు బాగుంటాయి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి చేరినా పూర్తి రోజు దొరుకుతుంది. డిసెంబర్‌లో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, చలికాలంలో కోట తెరిచే రోజులు, వేళలు కూడా మారుతాయి. సెప్టెంబర్‌లో కోట ఆవరణలో పెద్ద ఫుడ్ ఫెస్టివల్ జరుగుతుంది, 1995 నుంచి ఉన్న సంబరం. తినడమే ఇష్టమైనవాళ్ళు అప్పుడే వెళ్ళాలి. ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్ళు ఆ వారాంతం తప్పించాలి, రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి.

ఏ నెలైనా వాన కోటు ఉండాలి. గుట్ట మీద గాలికి గొడుగు నిలవదు.

కోటకు టికెట్ పెట్టి వెళ్ళాలా, బయటి నుంచి చూస్తే చాలదా?

ఈ ప్రయాణంలో ప్రవేశ రుసుముకు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. దయచేసి లోపలికి వెళ్ళండి. పైకప్పులు లేని శిథిలమే, కానీ ఇంగ్లండ్ చరిత్ర దిశ మార్చిన రెండు సంఘటనలకు ఈ గోడలు సాక్ష్యం.

రాజు నాలుగో ఎడ్వర్డ్ పెద్ద కొడుకు ఇక్కడే పెరిగాడు. 1483 ఏప్రిల్‌లో తండ్రి చనిపోయాడన్న వార్త ఈ కోటలోనే అందింది. పన్నెండేళ్ళ పిల్లవాడు రాజుగా లండన్‌కు బయల్దేరి, తమ్ముడితో పాటు లండన్ టవర్‌లో ఉండగా మాయమయ్యాడు. ఏమైందో నేటికీ తేలలేదు. తర్వాత 1501లో ఏడో హెన్రీ పెద్ద కొడుకు ఆర్థర్ స్పెయిన్ రాకుమారి కేథరిన్‌ను పెళ్ళి చేసుకుని ఆమెతో ఇక్కడికి వచ్చాడు. 1502 ఏప్రిల్ 2న, పదిహేనేళ్ళకే, ఈ కోటలోనే చనిపోయాడు. అతని తమ్ముడే ఎనిమిదో హెన్రీ. అన్న భార్యనే పెళ్ళాడి, ఆ పెళ్ళి రద్దు కోసం పోప్‌తో తెగతెంపులు చేసుకున్న రాజు. ఆర్థర్ బతికి ఉంటే ఆ కథంతా మరోలా నడిచేది.

లోపల వృత్తాకారపు నార్మన్ ప్రార్థనా మందిరం ఉంది. పన్నెండో శతాబ్దం నాటి ఆ గుండ్రటి గోడ, ద్వారం మీద చెక్కడాలు చూడటానికి తీరిక పెట్టుకోండి. ఇలాంటివి ఇంగ్లండ్‌లో కొన్నే మిగిలాయి.

ఈ ఊరికి మన చరిత్రతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం. ఈ శిథిల కోటను 1811లో ప్రభుత్వం నుంచి కొన్నది ఎడ్వర్డ్ క్లైవ్, ప్లాసీ యుద్ధం చేసిన రాబర్ట్ క్లైవ్ పెద్ద కొడుకు. అంతకుముందు 1798 నుంచి 1803 వరకు ఆయన మద్రాసు గవర్నరు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాన్ చనిపోయింది ఆయన హయాంలోనే. 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించిందీ అప్పుడే. దత్తమండలాలని మనం చదువుకున్న, ఇప్పుడు చాలావరకు రాయలసీమ అంటున్న నేల అది. ఆ జిల్లాలకు కలెక్టరుగా వెళ్ళిన థామస్ మన్రో పేరు తిరుమల మన్రో గంగాళం వల్ల ఇంటింటికీ తెలుసు. ఆయనను ఆ పనికి పంపిన రోజుల్లో మద్రాసులో కూర్చున్న గవర్నరు ఈ ఎడ్వర్డ్ క్లైవే. కోట ఇప్పటికీ ఆ వంశం వాళ్ళ ఎస్టేట్‌దే.

క్లైవ్‌ల సంపదలో ఇండియా నుంచి వచ్చింది ఎంత పెద్ద వాటానో చరిత్ర చదివిన ఎవరికైనా తెలుసు. కడప నుంచో అనంతపురం నుంచో వచ్చిన పిల్లలు ఈ కోట వాకిట్లో నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి నిలబడాలని నా కోరిక. ష్రూస్‌బరీలో రైలు మారేటప్పుడు గంట సమయం ఉంటే అక్కడి సంత చౌకులో రాబర్ట్ క్లైవ్ విగ్రహం కూడా కనిపిస్తుంది.

డబ్బు ఖర్చు కాకుండా ఏమేం చూడొచ్చు?

కోట తర్వాత చూసేదంతా దాదాపు ఉచితమే. కోట గోడ పక్కనుంచి డినమ్ వీధిలో నదికి దిగండి. దిగేటప్పుడు కనిపించే డినమ్ హౌస్‌లో నెపోలియన్ తమ్ముడు లూసియెన్ బోనపార్ట్ 1811లో బందీగా ఉన్నాడు, అయితే దర్జాగానే. వంతెన దాటి విట్‌క్లిఫ్ కామన్ అనే చెట్ల గుట్ట ఎక్కితే నది, కోట, చర్చి గోపురం, వెనక కొండలు ఒకే చూపులో అందుతాయి. తెచ్చుకున్న డబ్బా విప్పి తినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నది వెంట బ్రెడ్‌వాక్ అనే కాలిబాటలో లడ్‌ఫర్డ్ వంతెన చేరి, బ్రాడ్ స్ట్రీట్ ఎక్కుతూ మళ్ళీ ఊళ్ళోకి రండి. పాత ప్రాకారానికి ఉన్న ఏడు ద్వారాల్లో మిగిలిన ఒక్కటి, బ్రాడ్ గేట్, ఈ దారిలోనే ఉంది. తీరిగ్గా నడిస్తే మొత్తం గంట, గంటన్నర.

సెయింట్ లారెన్స్ చర్చిలోకి ప్రవేశం ఉచితం, విరాళం మీ ఇష్టం. గాయకబృందం కూర్చునే చోట మడత సీట్లు ఉంటాయి. వాటి అడుగున, పదిహేనో శతాబ్దపు వడ్రంగులు చెక్కిన బొమ్మలు చూడండి. బిషప్ వేషం వేసుకుని బాతులకు ప్రబోధం చేస్తున్న నక్క, కొలతలో మోసం చేసిన సారా అమ్మేదాన్ని నరకానికి మోసుకెళ్తున్న దయ్యాలు. పిల్లలకు ఇవి బాగా నచ్చుతాయి. గోపురం ఎక్కడానికి విడిగా రుసుముంది, మోకాళ్ళు సహకరిస్తేనే ఎక్కండి.

తిండి సంగతి?

లడ్లోకి తిండి ఊరుగా పేరుంది, దాంతో పాటే ధరలూ ఉన్నాయి. పులిహోరో, చపాతీలో కట్టుకెళ్ళడమే నా సలహా. రైల్లో తినడానికి అభ్యంతరం లేదు. స్టేషన్ పక్కనే టెస్కో సూపర్‌మార్కెట్ ఉంది. శాండ్‌విచ్, పండు, పానీయం కలిపిన మీల్ డీల్ అక్కడ తీసుకోవచ్చు. మిగిల్చిన డబ్బుతో సంతలో స్థానిక చీజ్ ఒక ముక్కో, బేకరీలో స్కోన్, టీయో తీసుకోండి. శాకాహారులు 'పై' (pie) అనే కూరిన పిండివంటల్లో సూయెట్ ఉందా అని అడగాలి, అది పశువుల కొవ్వు. గుడ్డు తిననివాళ్ళు కేకుల విషయంలో కూడా అడిగి తీసుకోవాలి.

ఒక రాత్రి ఉండాలంటే?

ఊరి మధ్యలోని పాత హోటళ్ళు అందమైనవి, బడ్జెట్‌కు అందవు. 1619 నాటి చెక్కపనితో మెరిసే ఫెదర్స్ హోటల్‌ను బయట నిలబడి చూస్తే చాలు. రాత్రికి ష్రూస్‌బరీలోనో హెరిఫర్డ్‌లోనో గది తీసుకోవడం చౌక. బుకింగ్ సైట్లలో పేరులో లడ్లో అని ఉండి, ఊరికి దూరంగా హైవే మీద ఉన్న హోటళ్ళు కనిపిస్తాయి. కారు లేనివాళ్ళకు అవి పనికిరావు. మ్యాప్‌లో స్టేషన్ నుంచి దూరం చూశాకే డబ్బు కట్టండి.

అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా?

తప్పకుండా. అరవై దాటినవాళ్ళకు సీనియర్ రైల్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు చూపిస్తే విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళకూ ఇస్తారు. నాలుగైదు నెలలు ఉండేవాళ్ళకు తప్పక గిడుతుంది. నడకలో ఇబ్బంది ఉంటే ప్యాసింజర్ అసిస్ట్ సేవను ముందే బుక్ చేయండి. ఉచితం, రెండు గంటల ముందు చెప్పినా చాలు, ఎక్కడానికీ దిగడానికీ సిబ్బంది సాయం చేస్తారు. స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఎత్తు ఉంది, బ్రాడ్ స్ట్రీట్ ఇంకా నిటారు. నది దాకా దిగకుండా కోట, సంత, చర్చి వరకు చూపించండి. ఆ మూడూ పైన సమతలంగానే, పక్కపక్కనే ఉన్నాయి.

అదే టికెట్‌తో ఇంకో చోటు కలుస్తుందా?

స్టోక్‌సే కాజిల్ కలుస్తుంది. లడ్లోకి ఉత్తరాన పక్క స్టేషన్ క్రేవెన్ ఆర్మ్స్, అక్కడి నుంచి మైలు నడక. పదమూడో శతాబ్దం చివర్లో లారెన్స్ అనే లడ్లో ఉన్ని వ్యాపారి కట్టుకున్న ఇల్లు అది, చుట్టూ కోటలాంటి రక్షణ. ష్రూస్‌బరీ వైపు నుంచి ఆఫ్-పీక్ రిటర్న్ మీద వచ్చినవాళ్ళు సాధారణంగా మధ్యలో దిగి మళ్ళీ ఎక్కవచ్చు. అడ్వాన్స్ టికెట్‌కు ఆ వీలు లేదు. రెండు కోటలకు రెండు టికెట్లు, రెండిటికీ సగం సగం సమయం. ఒక్కరోజే ఉంటే లడ్లో ఒక్కటే తృప్తిగా చూడమంటాను.

రైలు ఆలస్యమైతే?

డిలే రిపే కింద డబ్బు అడగండి. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ వేల్స్‌లో పదిహేను నిమిషాలు దాటిన ఆలస్యానికే కొంత తిరిగొస్తుంది, గంట దాటితే వన్‌వే టికెట్ మొత్తం. 28 రోజుల్లోగా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి, టికెట్ ఫోటో దాచుకోండి. తిరుగు ప్రయాణానికి మాత్రం రోజులో చివరి రైలు మీద ఆధారపడొద్దు. ఈ లైనులో రైళ్ళు గంటకొకటి చొప్పున, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వ్యవధిలో వస్తాయి. చివరిదానికి ముందు రైలుకు స్టేషన్ చేరేలా రోజును వేసుకోండి.